విశేషం తెలిసేనాటికి

మన సంఘం ఉగాది సభలో, స్కూలు హాలులో పులిహోర బల్ల దగ్గర, కొత్తగా పెళ్ళిచేసుకుని ఈ దేశం వచ్చిన అమ్మాయి కనబడితే చాలు, మనలో పెద్దవాళ్ళందరం అడిగే ప్రశ్న ఒకటున్నది. "ఏమమ్మా, ఏమైనా విశేషమా?" అమ్మాయి తల వంచుకుని నవ్వుతుంది. అబ్బాయి చేతిలో ఉన్న కాగితం పళ్ళెం వైపు చూస్తాడు. మనం కూడా నవ్వి ముందుకు సాగిపోతాము. ఈ ప్రశ్న మేమిద్దరం కూడా చాలామందిని అడిగాము. ఇందులో తప్పున్నదని మాకు ఏనాడూ తోచలేదు. ఆప్యాయతకొద్దీ అడిగేదే కదా!

కానీ కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయి మమ్మల్ని తిరిగి ఒక ప్రశ్న అడిగింది. అప్పటినుంచి మా ప్రశ్న మాకు గొంతులో అడ్డుపడుతున్నది.

ఆ రోజుల్లో మా ఇంటి మేడమీది గదిలో ఒక యువ దంపతులు అద్దెకుండేవారు. పెళ్ళై ఏడాది కాలేదు. ఇద్దరూ చదువుకున్నవారే. ఆ అమ్మాయికి నెల తప్పిన సంగతి మాకు మూడో నెల దాటాక తెలిసింది. అంతవరకు ఎవరికీ చెప్పవద్దని వాళ్ళమ్మగారు ఫోనులో గట్టిగా చెప్పారట, దిష్టి తగులుతుందని. మేము సంతోషించి పాయసం చేసి పంపాము. ఐదో నెలలో ఆసుపత్రిలో తీసే పెద్ద స్కానుకు వెళ్ళి వచ్చిన సాయంకాలం ఆమె కిందికి వచ్చి మా వంటింట్లో కుర్చీలో కూర్చున్నది. బిడ్డ వెన్నెముక కిందిభాగం మూసుకోలేదని డాక్టర్లు చెప్పారట. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది: "పిన్నిగారూ, మీరు ఇరవై ఏళ్ళు మందుల షాపులో పనిచేశారు కదా. ముందే వేసుకోవలసిన మాత్ర ఒకటుందని ఇవాళ అక్కడ నర్సు అడిగితే తెలిసింది. నాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

మాలో ఒకరు ఇరవై ఏళ్ళు కౌంటరు వెనుక నిలబడి, ఆ మాత్రల సీసాలను వందల మందికి అందించిన మాట నిజమే. అడిగినవారికి అందించారు. అడగనివారికి, అందులోనూ తన ఇంటి మేడమీద ఉన్న పిల్లకు, చెప్పాలని తోచలేదు.

ఆ దంపతులు ఆ తరువాత ఏం నిర్ణయించుకున్నారో అది వారి సొంత విషయం. దానిని ఇక్కడ రాయము. మేము రాయదలచుకున్నది ఆమె ప్రశ్న గురించి మాత్రమే. ఒక మంచిమాట మనకు తెలిసి, ఎదుటివారు అడగకపోతే, చెప్పవలసిన బాధ్యత మనకున్నదా? చెప్పకపోవడం తప్పవుతుందా? అయితే ఆ తప్పు ఎవరిది? మేమిద్దరం దీని గురించి చాలా రాత్రులు మాట్లాడుకున్నాము, పోట్లాడుకున్నాము కూడా. తేలిన కొద్దిపాటిని మీ ముందుంచుతున్నాము.

ముందు సంగతేమిటో చూద్దాము. గర్భం నిలిచిన మూడో వారంలో, పిండం వీపు వైపున పలకలా ఉండే ఒక పొర మడతపడి, అంచులు రెండూ కలుసుకుని గొట్టంలా మూసుకుంటుంది. ఆ గొట్టం పైభాగం మెదడు అవుతుంది, కిందిభాగం వెన్నుపాము అవుతుంది. ఈ పని సుమారు 28వ రోజుకు పూర్తవుతుంది. కిందిభాగం మూసుకోకపోతే దానిని స్పైనా బైఫిడా అంటారు. అలా పుట్టిన బిడ్డకు కాళ్ళలో బలం లేకపోవడం, మూత్రం మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి ఇబ్బందులు ఎక్కువగానో తక్కువగానో ఉంటాయి. అటువంటివారిలో ఎందరో చదువుకుని, ఉద్యోగాలు చేసి, సంసారాలు చేసుకుంటున్నారని కూడా మరచిపోకూడదు. పైభాగం మూసుకోకపోతే మాత్రం బిడ్డ బ్రతకదు.

గర్భం నిలిచిన 28వ రోజంటే నెల తప్పిన తరువాత రెండు వారాలు. చాలామంది స్త్రీలకు అప్పటికి అనుమానం మాత్రమే ఉంటుంది. మరికొందరికి అదీ ఉండదు. ఈ దేశంలో మిడ్‌వైఫ్ మొదటిసారి కూర్చోబెట్టి వివరాలు రాసుకునేది ఎనిమిదో వారం తరువాతనే. మన ఇళ్ళలో నలుగురికీ చెప్పేది మూడో నెల దాటాక. అంటే మనం పాయసం వండేనాటికి ఆ గొట్టం మూసుకోవడమో మూసుకోకపోవడమో జరిగిపోయి రెండు నెలలవుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అనే సామెత మన పెద్దలు దేనికి చెప్పారో గాని, దీనికి అక్షరాలా సరిపోతుంది. ఎందుకంటే ఫోలిక్ ఆసిడ్ అన్న పేరు లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచే వచ్చింది. 1941లో అమెరికాలో దానిని పాలకూర నుంచి వేరుచేసినవారు ఆ పేరు పెట్టారు.

ఆ ఆకు కథలో మనవాళ్ళు కూడా ఉన్నారని చెబితే కొందరికైనా ఆశ్చర్యం కలగవచ్చు. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వెళ్ళి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలలో కనబడే ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. మనం ఇక్కడ రొట్టె మీద రాసుకోవడానికి కూడా జంకే మార్మైట్ వాళ్ళకు పెడితే రక్తం పట్టింది. ఆ సంగతి ఆమె 1931లో ప్రకటించింది. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో కూడా ఆమె కొంతకాలం పనిచేసింది. ఆ పరిశోధనశాలనే 1958లో హైదరాబాదుకు తరలించారు. తార్నాక దగ్గర ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ అదే.

ఇక మార్మైట్‌లో, ఆకుకూరల్లో ఉన్న ఆ పదార్థాన్ని రసాయనశాలలో తయారుచేసినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. స్ప్రూ అనే జబ్బుతో ఆయన సోదరులు పోయారు. ఆయన కూడా దానిబారిన పడి బ్రతికి బయటపడ్డారు. అమెరికా వెళ్ళి, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే పరిశోధనశాలలో 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేయగలిగింది. స్ప్రూకు అది పనిచేసింది. ఆయన 1948లో అక్కడే కన్నుమూశారు. స్వదేశం తిరిగి చూడలేదు. పుట్టినచోటికి దూరంగా బ్రతుకుతున్న మనలాంటివారు ఆయన పేరును సభల్లో ఎన్నోసార్లు తలచుకుంటాము. కాని ఆయన చేసిన మాత్ర మన ఆడపిల్లల దగ్గరకు చేరిందా లేదా అని ఏ సభలోనూ అడగము.

ఆ మాత్రకూ బిడ్డ వెన్నెముకకూ సంబంధమున్నదని ఋజువు చేసినది ఈ దేశమే. స్మిదెల్స్ అనే వైద్యుడు 1965 నుంచే ఆ సంబంధాన్ని అనుమానిస్తూ వచ్చాడు. కొందరు తల్లులకు విటమిన్ మాత్ర, కొందరికి ఉత్తి మాత్ర ఇచ్చి పరీక్షిస్తానంటే, ఉత్తి మాత్ర ఇవ్వడం ధర్మం కాదని ఆసుపత్రుల నైతిక సంఘాలు ఒప్పుకోలేదు. ఆయన మరో పద్ధతిలో చేసి 1980లో ఫలితాలు చెబితే, పద్ధతి సరిగా లేదని పెద్దలు నమ్మలేదు. అప్పుడు మెడికల్ రిసెర్చ్ కౌన్సిల్ వారు ఏడు దేశాల్లో 33 చోట్ల మరో పరీక్ష మొదలుపెట్టారు. అంతకుముందు ఒకసారి ఇటువంటి బిడ్డను కన్న తల్లులే అందులో పాల్గొన్నారు. 1991లో, అనుకున్న గడువుకంటే ముందుగానే, ఫలితం స్పష్టంగా తెలిసిపోయిందని ఆపేశారు. 1,195 గర్భాల్లో 27 మంది బిడ్డలకు ఆ లోపం వచ్చింది. ఫోలిక్ ఆసిడ్ వేసుకున్నవారి బిడ్డలు అందులో ఆరుగురు, వేసుకోనివారి బిడ్డలు ఇరవై ఒక్కరు. నూటికి 72 పాళ్ళు కాపాడుతుందని లెక్క తేల్చారు.

ఈ అంకెలు చదివినప్పుడల్లా మాకు రెండు సంగతులు తోస్తాయి. మొదటిది, ఆ ఇరవై ఒక్కమంది తల్లులు. ఏ సీసాలో ఏమున్నదో తెలియకుండానే, రాబోయేవారి కోసం ఆ పరీక్షలో చేరిన స్త్రీలు వాళ్ళు. మనకు ఇవాళ తెలిసిన సంగతి వాళ్ళు ఇచ్చినది. అలా సంపాదించిన సంగతిని తెలిసి కూడా చెప్పకుండా దాచుకోవడం, అప్పు ఎగవేయడం వంటిదే కదా అనిపిస్తుంది. రెండవది, ఆ ఆరుగురు తల్లులు. వాళ్ళు మాత్ర వేసుకున్నారు. అయినా బిడ్డకు లోపం వచ్చింది. ఈ రెండో సంగతిని మనసులో పెట్టుకోకుండా మొదటి సంగతి గురించి మాట్లాడకూడదు. ఎందుకో తరువాత చెబుతాము.

మరి మనం ఎందుకు చెప్పము? మాకు మేము చెప్పుకున్న సాకులు మూడు. అవి మీకు కూడా కొత్తవి కావు.

మొదటిది, "డాక్టరు చెబుతాడులే" అన్నది. డాక్టరు చెబుతాడు, ఆయన దగ్గరకు వెళితే. నెల తప్పకముందు ఏ అమ్మాయి డాక్టరు దగ్గరకు వెళుతుంది? జబ్బు లేనివాళ్ళు ఆసుపత్రికి వెళ్ళరు. ఈ దేశ ప్రభుత్వం 1992 నుంచీ, గర్భం కోరుకునే స్త్రీలు ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు, అంటే ఒక గ్రాములో 2,500వ వంతు, వేసుకోమని చెబుతూనే ఉన్నది. లండన్‌లో లక్షలాది గర్భిణులను పరిశీలించి 2014లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, గర్భానికి ముందే వేసుకున్నవారు 1999 నుంచి 2001 వరకు నూటికి 35 మంది ఉంటే, 2011, 2012 నాటికి 31 మందికి తగ్గారని తేలింది. అందులోనూ మన దక్షిణాసియా స్త్రీలలో వేసుకున్నవారు తెల్లవారి కంటే తక్కువ. మనవాళ్ళలో ఇంటికొక డాక్టరు ఉన్నాడని మనం గొప్పగా చెప్పుకుంటాము. చదువు తక్కువై తెలియలేదనడానికి వీల్లేదు. చెప్పవలసిన సమయంలో చెప్పేవాళ్ళు లేకపోవడం వల్లనే తెలియలేదు.

రెండవది, "మనం ఆకుకూరలు తినేవాళ్ళమే కదా" అన్నది. తోటకూర, పాలకూర, మెంతికూర, పెసలు, శనగలు, వీటన్నిటిలో ఆ పదార్థం ఉన్నమాట నిజం. అవి తినడం మంచిదే. కాని ఆకులో ఉన్న రూపం వేడికి తట్టుకోదు, ఉడికించి వార్చిన నీళ్ళతో పోతుంది, మిగిలినది కూడా మాత్రలో ఉన్నంత సులభంగా ఒంటికి పట్టదు. అందుకనే ఎంత మంచి భోజనం చేసేవారినైనా ఆ కొద్ది వారాలు మాత్ర వేసుకోమంటారు. మా అమ్మలు వేసుకోకుండానే మమ్మల్ని కన్నారు కదా అంటే, నిజమే, కన్నారు. వాళ్ళు కని పోగొట్టుకున్న బిడ్డల సంగతి మాత్రం ఎవరూ లెక్క రాసుకోలేదు.

మూడవది అసలైనది. "పెళ్ళైన కొత్తలో పిల్లతో అలాంటి మాటలా? అశుభం" అన్నది. బిడ్డకు లోపం వస్తుందేమోనని శుభకార్యం జరిగిన ఇంట్లో ఎలా నోరు విప్పుతాము? మా విషయంలో అడ్డుపడినది ఇదే. కాని ఆలోచించి చూస్తే ఇందులో ఒక వింత ఉన్నది. పెళ్ళిపీటల మీద అక్షింతలు వేస్తూ, మనం సిగ్గుపడకుండా సుపుత్ర ప్రాప్తిరస్తు అని దీవిస్తాము. నెల తిరక్కుండా విశేషమా అని నలుగురిలో అడుగుతాము. ఆ అమ్మాయి శరీరం గురించి, సంసారం గురించి అడగడానికి అడ్డురాని మర్యాద, ఆమెకు పనికివచ్చే మాట ఒకటి చెప్పడానికి మాత్రం అడ్డు వస్తున్నది. అది మర్యాదేనా అని మాకు అనుమానం కలిగింది. దీవించడానికి మనకు ఖర్చేమీ లేదు. అడగడానికి అంతకన్నా లేదు. చెప్పాలంటే మాత్రం కాస్త ఇబ్బంది పడాలి, ఎదుటివారు ఏమనుకుంటారో అని జంకాలి. మనం తప్పించుకుంటున్నది ఆ కాస్త ఇబ్బందినే. దానికి అశుభమన్న పేరు పెట్టుకున్నాము.

ఇక్కడ మాలో ఒకరు ఒక అభ్యంతరం చెప్పారు. అది చాలా బలమైనది కాబట్టి దానిని దాచకుండా రాస్తున్నాము. "చెప్పడం మంచిదే. కాని చెప్పడం మొదలుపెడితే, రేపు ఏ బిడ్డకు ఏ లోపం వచ్చినా, 'మాత్ర వేసుకోలేదా?' అని తల్లిని నిలదీయరా? ఆడదాన్ని అనడానికి మనకు మరో కర్ర దొరకదా?" అన్నారు.

దొరుకుతుంది. మన భాషే దానికి సాక్ష్యం. పెదవి చీలి పుట్టిన బిడ్డను మనం ఏమంటాము? గ్రహణం మొర్రి అంటాము. అంటే, గర్భిణిగా ఉన్న తల్లి గ్రహణం వేళ బయటికి వచ్చిందో, కత్తిపీట పట్టిందో, అందుకే ఇలా అయిందని అర్థం. బిడ్డ మొహం మీద కనబడే చీలికకు పేరు పెట్టడంలోనే తల్లి మీద నేరం మోపి ఉంచాము. ఆ తల్లి ఎన్ని తరాలుగా, ఎన్ని ఊళ్ళలో, ఆ గ్రహణంనాడు తానేం చేసిందో గుర్తు తెచ్చుకుంటూ ఏడ్చి ఉంటుంది! గ్రహణానికీ ఆ పెదవికీ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు గ్రహణం స్థానంలో ఫోలిక్ ఆసిడ్‌ను కూర్చోబెడితే, శాస్త్రం పేరుతో చేసినా అది పాత పనే అవుతుంది. పైగా మరీ క్రూరం, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉన్నది.

అందుకనే ఆ ఆరుగురు తల్లులను గుర్తుంచుకోవాలన్నాము. మాత్ర వేసుకున్న ఇంట్లో లోపం రావచ్చు. వేసుకోని ఇళ్ళలో నూటికి తొంభైతొమ్మిదికి పైగా ఈ లోపం లేని బిడ్డలే పుడతారు. కొన్ని లోపాలకు మధుమేహం కారణం కావచ్చు, మూర్ఛకు వాడే కొన్ని మందులు కావచ్చు, వంశంలో వచ్చేవి కావచ్చు, అసలు కారణమేమిటో ఎవరికీ అంతుపట్టనివీ ఉన్నాయి. కాబట్టి ఎదురుగా ఉన్న ఒక తల్లిని చూసి, ఈమె మాత్ర వేసుకుని ఉంటే ఇలా జరిగేది కాదని చెప్పగల వైద్యుడు ప్రపంచంలో లేడు. వేయిమంది సంగతి చెప్పగలరు. ఒక్కరి సంగతి చెప్పలేరు.

మా ఇద్దరి వాదన చివరికి ఒకచోటికి చేరింది. ఒకే మాట, చెప్పే వేళను బట్టి రెండు రకాలుగా మారుతుంది. ముందు చెబితే అది ఉపకారం. తరువాత చెబితే అది నింద. తెలిసిన సంగతిని ముందు చెప్పవలసిన బాధ్యత ఎంత బలంగా ఉన్నదో, తరువాత నోరు మూసుకోవలసిన బాధ్యత కూడా అంత బలంగా ఉన్నది. మనం చేస్తున్నది సరిగా దీనికి తలకిందులు. ముందు మర్యాద కోసం మౌనంగా ఉంటాము. తరువాత సానుభూతి పేరుతో కారణాలు వెదుకుతాము. పూర్వజన్మ కర్మ అని కొందరం, మాత్ర వేసుకోలేదట అని కొందరం.

కర్మ గురించి కూడా ఒక మాట. కర్మ సిద్ధాంతాన్ని కాదనేందుకు మేము రాయడం లేదు. మాకూ విశ్వాసమున్నది. కాని మా చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు చెప్పినది, కర్మ అనేది తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి వాడవలసిన మాట అని. ఎదుటివారి కష్టానికి కారణం చెప్పడానికి, అందులో మన పాత్రను దాచుకోవడానికి వాడవలసినది కాదు. ఆ సాయంకాలం వంటింట్లో మా నోటిదాకా కర్మ అనే మాట వచ్చింది. అది ఆమెను ఓదార్చడానికా, మమ్మల్ని మేము తప్పించుకోవడానికా అని ఆలోచిస్తే, నిజం చెప్పాలంటే, రెండోదే.

ఇంకొక ప్రశ్న. ఇదంతా ఆడపిల్లలకు ఒక్కరొక్కరికీ చెప్పుకుంటూ తిరగడం దేనికి, అందరూ తినే పిండిలోనే కలిపేస్తే సరిపోదా? అమెరికా 1998 నుంచి గోధుమపిండిలో కలపడం తప్పనిసరి చేసింది. అక్కడ ఈ లోపాలు నాలుగోవంతుకు పైగానే తగ్గాయి. పరీక్ష చేసి ఋజువు చూపిన ఈ దేశం మాత్రం ముప్ఫై ఏళ్ళు తర్జనభర్జన పడి, 2021లో నిర్ణయం ప్రకటించి, 2024 నవంబరులో చట్టం చేసి, మిల్లులకు 2026 చివరివరకు గడువు ఇచ్చింది. ఏటా సుమారు 200 గర్భాల్లో ఈ లోపాన్ని తప్పించవచ్చని ప్రభుత్వపు అంచనా. ఇన్నేళ్ళు ఎందుకు ఆగారంటే, కొద్దిమంది కోసం అందరి రొట్టెలో మందు కలపడం న్యాయమా అన్న వాదన ఒకటి. పెద్ద వయసువారిలో, మాంసం తిననివారిలో బి12 విటమిన్ లోపం ఉంటే, ఫోలిక్ ఆసిడ్ దాని రక్తహీనతను కప్పిపుచ్చి, నరాలకు జరిగే నష్టాన్ని ఆలస్యంగా బయటపెడుతుందేమోనన్న భయం మరొకటి. శాకాహారులం కాబట్టి ఈ రెండోది మనం తేలికగా కొట్టివేయవలసినది కాదు. బి12 పరీక్ష చేయించుకోవడం మనకు ఎలాగూ మంచిదే. కాని పిండిలో కలిపే కొద్ది మోతాదుకు ఆ భయం అక్కరలేదని నిపుణులు తేల్చారు. రెండవ ప్రపంచ యుద్ధకాలం నుంచీ ఈ దేశపు తెల్లపిండిలో సున్నపు సుద్ద కలుపుతూనే ఉన్నారు. దానివల్ల ఎవరి స్వాతంత్ర్యమూ పోయినట్టు మేము వినలేదు. పొరుగింటివారి పుట్టబోయే బిడ్డకోసం మన రొట్టెలో కనబడని ఒక రేణువును భరించడం ఇరుగుపొరుగు ధర్మంలో భాగమేనని మా అభిప్రాయం.

అయితే ఆ చట్టం వల్ల మన బాధ్యత తీరిపోతుందనుకుంటే పొరపాటు. చట్టం పొట్టు తీసిన గోధుమపిండికి మాత్రమే. పొట్టుతో ఆడించిన పిండికి వర్తించదు. బియ్యానికి వర్తించదు. మన ఇళ్ళలో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సోనామసూరి అన్నం, రాత్రి పొట్టుతో ఉన్న పిండి చపాతీలు. అంటే ఆ చట్టం మన వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి పక్కకు తప్పుకుపోతుంది. పక్కింటి తెల్లమ్మాయికి తెలియకుండానే అందేది మన అమ్మాయికి తెలిసినా అందదు. కాబట్టి నోటిమాట తప్ప మనకు దారి లేదు.

మరి ఎలా చెప్పాలి? మేము అనుకున్నవి ఇవి. నలుగురిలో చెప్పకూడదు. పిల్లలు కావాలో వద్దో, ఎప్పుడు కావాలో అడగకూడదు. అది వాళ్ళిష్టం. "ఎప్పుడైనా అనుకుంటే, అనుకున్న నాటినుంచే ఈ మాత్ర రోజుకొకటి, మూడు నెలలు నిండేవరకు" అని చెప్పి ఊరుకోవాలి. మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది, ఖరీదు కూడా చాలా తక్కువ. మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడేవారు, ఇంతకుముందు ఇటువంటి బిడ్డను కన్నవారు, కుటుంబంలో ఈ లోపం ఉన్నవారు మాత్రం డాక్టరును అడగాలి, వాళ్ళకు 5 మిల్లీగ్రాముల మాత్ర చీటీ మీద ఇస్తారు. మధుమేహం మన ఇళ్ళలో ఎంత ఉన్నదో మీకు తెలుసు. ఈ మాట అమ్మాయికే కాదు, అబ్బాయికి కూడా చెప్పాలి. మాత్ర మింగేది ఆమె అయినా, గుర్తుంచుకునే పని ఆమె ఒక్కదానిదే కావడానికి వీల్లేదు. షాపులో ఇరవై ఏళ్ళలో ఆ మాత్ర కొనడానికి వచ్చిన మన మగపిల్లలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పెళ్ళికాని ఆడపిల్లలకు కూడా, కారు నడపడం నేర్పినట్టు, పాస్‌పోర్టు జాగ్రత్త చెప్పినట్టు, ఇది కూడా చెప్పి ఉంచితే పోయేదేమీ లేదు. గర్భాలన్నీ అనుకుని వచ్చేవి కావు.

మేడమీది అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు ఇది. చెప్పవలసినవాళ్ళలో మేమూ ఉన్నాము. చెప్పలేదు. చెప్పి ఉంటే జరగకపోయేదా అంటే, ఎవరూ చెప్పలేరు. కాని నీకు తెలిసి ఉండవలసిన సంగతి నీకు తెలియకుండా పోవడంలో మా పాలు ఉన్నది. నీ పాలు ఏమీ లేదు. తరువాత ఒకనాడు ఈ మాటనే ఆమెతో అన్నాము. ఆమె చాలాసేపు విని, "నా పాలు లేదన్న మాట మా అమ్మ కూడా అనలేదు పిన్నిగారూ" అన్నది.

ఈ ఏడు ఉగాదికి పులిహోర బల్ల దగ్గర కొత్త దంపతులు కనబడితే విశేషమా అని అడగలేదు. ఇంటికి బయలుదేరేటప్పుడు కారు దగ్గర ఇద్దరినీ పక్కకు పిలిచి, తడబడుతూ, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పాము. ఆ అమ్మాయి నవ్వి, "నాకు తెలుసండీ, కాలేజీలో చెప్పారు" అన్నది. అబ్బాయి మాత్రం, "నాకు తెలియదండీ" అని, ఆ మాత్ర పేరు ఇంకోసారి అడిగి రాసుకున్నాడు. మేము కాస్త సిగ్గుపడ్డ మాట నిజమే. ఇంటికి వెళ్ళేసరికి ఆ సిగ్గు పోయింది.

పాఠకుల్లో ఎవరికైనా మా ఆలోచనలో లోపం కనబడితే మన పత్రికకే రాయండి. ఈలోపల మీ ఇంట్లో, మీ మేడమీద, మీ పక్కవీధిలో పెళ్ళీడు పిల్లలుంటే, రాయడానికంటే ముందు వాళ్ళకు చెప్పండి.